మట్టితో అణువుల జల్లెడ

భీమవరం చుట్టుపక్కల ఏ రొయ్యల చెరువు గట్టు మీద నిలబడ్డా ఏరేటర్ల హోరు వినిపిస్తుంది, బస్తాల వరస కనిపిస్తుంది. మేత బస్తాలు కొన్ని, సున్నం బస్తాలు కొన్ని. వాటి పక్కనే బూడిద రంగు పొడో, సన్నటి గుళికలో నింపిన బస్తాలు ఇంకొన్ని. వాటి మీద ‘జియోలైట్’ అని రాసి ఉంటుంది. రొయ్యలు తినగా మిగిలిన మేత అడుగున కుళ్లి నీళ్లలో అమోనియా పెరిగిందని అనుమానం వస్తే, రైతు ఆ బస్తా విప్పించి చెరువంతా చల్లిస్తాడు. అదేం చేస్తుందని అడిగితే, “అమోనియా లాగేస్తదండి. చూడ్డానికి రాయే గానీ లోపలంతా బొక్కలేనంటండి” అంటాడు.

ఆ మాటలో తప్పేమీ లేదు. జియోలైట్ నిజంగానే లోపలంతా బొక్కలున్న రాయి. అయితే ఆ బొక్కలు స్పాంజిలో లాగా ఒకటి పెద్దది, ఒకటి చిన్నది కావు. ఒక జాతి జియోలైట్‌లో కన్నాలన్నీ లెక్క తప్పని కొలతల్లో ఉంటాయి. ఇంట్లో రవ్వకో జల్లెడ, పిండికో జల్లెడ ఉన్నట్టే ఇది అణువులను జల్లించే జల్లెడ. దీన్ని మనిషి సొంతంగా తయారుచేయడం నేర్చుకుని 75 ఏళ్లు దాటింది. శుద్ధమైన రసాయనాలతో చేస్తే పని సులువు, ఖర్చు ఎక్కువ. మరి గోతిలో తవ్విన తెల్లమట్టితో, రైస్‌మిల్లు వెనక గుట్టపడిన ఊక బూడిదతో, థర్మల్ విద్యుత్ కేంద్రం వదిలే బూడిదతో చేస్తే? ఈ అధ్యాయం ఆ వంట గురించి.

మరిగిన రాయి

కంసాలి మంట ముందు కూర్చుని ఊదుగొట్టంతో ఊదుతూ బంగారాన్ని కరిగిస్తాడు. 18వ శతాబ్దంలో స్వీడన్ ఖనిజ శాస్త్రవేత్తలకూ అదే పనిముట్టు. దొరికిన ప్రతి రాయినీ ఊదుగొట్టం మంటలో పెట్టి, అది కరుగుతుందా, రంగు మారుతుందా, పొగ వదులుతుందా అని చూసి దాని జాతి తేల్చేవారు. ఆక్సెల్ ఫ్రెడ్రిక్ క్రోన్‌స్టెట్ అందులో చేయి తిరిగినవాడు. 1751లో నికెల్ లోహాన్ని గుర్తించింది ఆయనే. 1756లో ఆయన ఒక రాయిని అలా మంటలో పెడితే అది కుతకుతలాడుతూ ఆవిరి వదిలింది. రాయి మరగడమేమిటి? ఆ వింతనే పేరుగా పెట్టాడు. గ్రీకులో ‘జియో’ అంటే మరగడం, ‘లిథోస్’ అంటే రాయి. రెండూ కలిసి జియోలైట్.

మరిగింది రాయి కాదు, రాయి కన్నాల్లో ఇరుక్కుని ఉన్న నీరు. వింతలో వింత ఏమిటంటే, నీరంతా పోయినా ఆ రాయి కూలిపోదు. చల్లారాక తడి తగిలితే మళ్లీ నీళ్లు తాగుతుంది. మళ్లీ వేడిచేస్తే మళ్లీ వదులుతుంది.

ప్రకృతి జియోలైట్లు మనకు దూరమేమీ కాదు. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట దక్కన్ పీఠభూమిని ముంచెత్తిన లావా గడ్డకట్టి నల్లరాయి అయింది. అందులో గాలి బుడగలు మిగిల్చిన గుల్లల్లో వేడినీళ్లు ఊరి, వేల ఏళ్ల మీద స్ఫటికాలు పెంచాయి. పుణె, నాసిక్, జల్గావ్ క్వారీల్లో దొరికే గులాబీ రంగు స్టిల్‌బైట్, హ్యూలండైట్ స్ఫటికాలు ప్రపంచమంతటా మ్యూజియం అద్దాల వెనక మెరుస్తున్నాయి. ఆ లావా పొరలే తూర్పున మన వికారాబాద్ దాకా పరుచుకున్నాయి. కానీ గుల్లలో గుప్పెడు దొరికే అందమైన రాయితో ఫ్యాక్టరీ నడవదు. ఫ్యాక్టరీకి టన్నులు కావాలి, అన్నీ ఒకే కొలత కన్నాలతో కావాలి. అందుకే వండుకోవాల్సి వచ్చింది.

సత్రం, బాటసారులు

వండాలంటే ముందు ఆ రాయి కట్టుబడి తెలియాలి. నాలుగు మూలలున్న ఒక చిన్న కట్టను ఊహించుకోండి. నడుమ ఒక సిలికాన్ పరమాణువు, నాలుగు మూలలా నాలుగు ఆక్సిజన్లు. ఒక కట్ట మూల ఇంకో కట్టకూ మూలే. అలా మూలలు పంచుకుంటూ పందిరి అల్లినట్టు అల్లుకుపోతే, నడుమ గదులూ గదికీ గదికీ మధ్య గుమ్మాలూ ఏర్పడతాయి. కట్టలన్నిట్లో సిలికానే ఉంటే ఆ పందిరికి విద్యుదావేశం ఉండదు. కొన్ని కట్టల్లో సిలికాన్ బదులు అల్యూమినియం కూర్చుంటే లెక్క మారుతుంది. సిలికాన్‌కు నాలుగు ధనావేశాలు, అల్యూమినియానికి మూడే. కాబట్టి అల్యూమినియం చేరిన ప్రతి చోటా పందిరికి ఒక ఋణావేశం మిగిలిపోతుంది. ఆ బాకీ తీర్చడానికి సోడియం లాంటి ధన అయాన్ ఒకటి వచ్చి గదిలో మకాం వేస్తుంది.

సోడియం ఆ గోడలో భాగం కాదు. సత్రంలో దిగిన బాటసారి లాంటిది. గోడలు కదలవు గానీ బాటసారులు మారుతుంటారు. కాల్షియం ఉన్న ఉప్పునీళ్లు పోస్తే ఇద్దరు సోడియం బాటసారులు బయటికి నడుస్తారు, రెండు ఆవేశాలున్న కాల్షియం ఒకటి లోపలికొస్తుంది. సబ్బు నురగ రానివ్వని కఠినజలం అలా మెత్తబడుతుంది. బట్టలుతికే పొడుల్లో జియోలైట్ చేసే పని ఇదే. ఆ పొడుల్లో కలిపే ఫాస్ఫేట్లు చెరువులకూ సరస్సులకూ చేరి నాచు పెంచుతున్నాయని గోల రేగాక, 1970లలో జర్మనీలోని హెంకెల్ సంస్థ ఫాస్ఫేట్ స్థానంలో జియోలైట్-ఎ ని నిలబెట్టింది.

గుమ్మాల సంగతీ చూద్దాం. మిల్లీమీటరును కోటి భాగాలు చేస్తే అందులో ఒక భాగం ఒక ఆంగ్‌స్ట్రామ్. సోడియం ఉన్న జియోలైట్-ఎ గుమ్మం వెడల్పు సుమారు నాలుగు ఆంగ్‌స్ట్రామ్‌లు. సోడియం పోయి లావుపాటి పొటాషియం వస్తే అది గుమ్మానికి అడ్డంగా కూర్చుంటుంది, దారి మూడుకు కుదించుకుపోతుంది. కాల్షియం వస్తే బాటసారుల సంఖ్యే సగమవుతుంది, గుమ్మం ఖాళీ అయి ఐదు దాకా తెరుచుకుంటుంది. మూడు ఆంగ్‌స్ట్రామ్‌ల గుమ్మంలోంచి నీటి అణువు దూరుతుంది, ఆల్కహాల్ అణువు దూరదు. స్వేదనంతో 95 శాతం దగ్గర ఆగిపోయే ఇథనాల్‌లోంచి ఆఖరి తడిని పిండేసి, పెట్రోల్‌లో కలపడానికి పనికొచ్చేలా చేసేది ఈ గుమ్మమే.

పాకం ముదరకముందే

ప్రకృతి వేల ఏళ్లు తీసుకున్న పనిని ప్రయోగశాలలో చేసి చూపిన తొలితరం వాళ్లలో ముఖ్యుడు రిచర్డ్ బారర్. న్యూజిలాండ్‌లో పుట్టి బ్రిటన్‌లో పనిచేశాడు. 1940లలో ఆయన ఎక్కువ వేడి, ఎక్కువ ఒత్తిడి పెట్టి జియోలైట్లను స్ఫటికం కట్టించాడు. అమెరికాలో యూనియన్ కార్బైడ్ వారి లిండే విభాగంలో రాబర్ట్ మిల్టన్ ఇంకో దారి పట్టాడు. సోడియం సిలికేట్‌నూ సోడియం అల్యూమినేట్‌నూ కాస్టిక్ సోడా నీళ్లలో కలిపితే గంజిలా చిక్కటి జెల్ వస్తుంది. ఆ జెల్‌కు పీడనపాత్రలేమీ అక్కర్లేదు, నీళ్లు మరిగే వేడిలోపే స్ఫటికం కడుతుంది. 1949లో అలా పుట్టింది జియోలైట్-ఎ. అప్పటికి ప్రకృతిలో దానికి జోడీ ఎవరికీ తెలియదు. 1954 నాటికి ఈ జల్లెడలు అమ్మకానికి వచ్చాయి.

ఈ వంటలో ఒక కిటుకుంది. అరిసెల పాకం పట్టినవాళ్లకు అది చెప్పక్కర్లేదు. పాకం లేతగా ఉంటే అరిసె విరిగిపోతుంది, ముదిరితే రాయవుతుంది. మధ్యలో ఒక్క క్షణం ఉంటుంది, అప్పుడే దించాలి. జియోలైట్-ఎ కూడా దారి మధ్యలో తగిలే మజిలీయే. కాస్టిక్ నీళ్లలో ఇంకా ఉడకనిస్తే ఆ విశాలమైన గదులు కూలి, సోడలైట్ అనే ఇరుకు గదుల రాయిగా మారుతుంది. దాని గుమ్మాలు దాదాపు మూసుకుపోయినట్టే. పరమాణువులు గట్టిగా సర్దుకున్న నిర్మాణమే చివరికి స్థిరం. మనకు కావాల్సింది వదులుగా సర్దుకున్నది. కాబట్టి సరైన సమయానికి పొయ్యి మీంచి దించడమే ఈ వంటలో నేర్పు.

ఇంకో కిటుకు పెరుగు దగ్గర నేర్చుకోవచ్చు. వేడి చేసే ముందు జెల్‌ను కొన్ని గంటలు చల్లగా వదిలేస్తే, అందులో కంటికందని స్ఫటిక బీజాలు పుడతాయి. అంత ఓపిక లేకపోతే, పాలకు తోడు వేసినట్టు, ముందు విడతలో మిగిల్చిన జియోలైట్ పొడి చిటికెడు కలపొచ్చు. తర్వాత వేడి తగలగానే స్ఫటికాలు త్వరగా, అన్నీ ఒకే పరిమాణంలో కడతాయి.

ప్రకృతి సగం వండిన మట్టి

మిల్టన్ వంటకు సరుకులు ఖరీదు. ఇసుకను సోడాతో కరిగిస్తే సిలికేట్, బాక్సైట్‌ను కాస్టిక్‌లో ఉడికిస్తే అల్యూమినేట్. అల్యూమినా రిఫైనరీ ఉన్నచోట ఈ రెండో సరుకు పైపులోనే పారుతుంటుంది. ఆంధ్ర సరిహద్దుకు దగ్గర్లో, ఒడిశాలోని దామన్‌జోడిలో నాల్కో తన రిఫైనరీకి ఆనుకుని డిటర్జెంట్ల కోసం జియోలైట్-ఎ ప్లాంటు పెట్టింది ఆ ధీమాతోనే. రిఫైనరీ పక్కన లేనివాళ్ల మాటేమిటి?

వాళ్లకు తెల్లమట్టి ఉంది. పింగాణీ పాత్రలు చేసే ఈ మట్టికి కయోలిన్ అన్న పేరు చైనాలో పింగాణీకి పుట్టిల్లయిన జింగ్‌దెజెన్ దగ్గరి గావ్‌లింగ్ అనే కొండ నుంచి వచ్చింది. ఏలూరు దగ్గర ద్వారకా తిరుమల ప్రాంతంలో తవ్వే బాల్ క్లే కూడా ఈ కుటుంబానిదే. అందులో కయోలినైట్‌తో పాటు సన్న ఇసుక, కుళ్లిన ఆకుల మసి కలిసి ఉంటాయి. కయోలినైట్‌లో సిలికాన్, అల్యూమినియం ఎన్నెన్ని? సరిగ్గా ఒకటికి ఒకటి. జియోలైట్-ఎ లో? అదీ ఒకటికి ఒకటే. ఏ శాస్త్రవేత్తా కొలిచి కలపకుండానే సరుకుల పాళ్లు కుదిరిపోయాయి. కోట్ల ఏళ్లుగా వానలు రాళ్లను నానబెట్టి, అక్కర్లేని సోడియం, పొటాషియం, కాల్షియాలను కడిగేసి, సిలికానూ అల్యూమినియాన్నీ సమానంగా మిగిల్చాయి. చౌక అనే మాటకు నిజమైన అర్థం ఇక్కడుంది. మట్టి ఉచితంగా దొరకడం ఒక్కటే చౌక కాదు. చేయాల్సిన పనిలో సగం ముందే జరిగి ఉండటం చౌక.

మిగతా సగంలో మొదటి మెట్టు కాల్చడం. కయోలినైట్‌లో పొరలు పుస్తకంలో కాగితాల్లా పేరుకుని ఉంటాయి. మైక్రోస్కోప్ కింద చూస్తే దొంతర పుస్తకాలే. ఈ పొరల్లో అల్యూమినియం ఆరు చేతులతో ఇరుగుపొరుగును పట్టుకుని ఉంటుంది. కాస్టిక్ నీళ్లు దాన్ని తొందరగా కదిలించలేవు. కుమ్మరి ఆవం దగ్గర దీనికి మందు దొరుకుతుంది. ఎండిన పచ్చికుండను నీళ్లలో వేస్తే మళ్లీ బురదవుతుంది. ఆవంలో కాలిన కుండను ఏడాది నానబెట్టినా బురద కాదు. ఎందుకంటే సుమారు 550 డిగ్రీలు దాటాక మట్టిలో రసాయనికంగా ముడిపడి ఉన్న నీరు కూడా లేచిపోతుంది, పొరలు చెదిరిపోతాయి. అలా చెదిరిన కయోలిన్‌ను మెటాకయోలిన్ అంటారు. అందులో అల్యూమినియం చేతులు చాలావరకు నాలుగైదుకు తగ్గి, కొత్త స్నేహాలకు సిద్ధంగా ఉంటుంది.

అలాగని ఎంత కాలిస్తే అంత మంచిదని కాదు. 600 నుంచి 800 డిగ్రీల మధ్య రెండు మూడు గంటలు చాలు. 980 డిగ్రీలు దాటితే చెదిరిన పొరలు మళ్లీ గట్టిగా సర్దుకుని, ఇంకా వేడికి ముల్లైట్ అనే మొండి ఖనిజం దారి పడతాయి. ముల్లైట్ కొలిమి ఇటుకలకు గొప్పది, మన వంటకు పనికిరాదు.

ఇప్పుడు ఒక ప్రయోగశాల బల్ల ముందు నిలబడదాం. తూకం వేసిన 100 గ్రాముల శుద్ధమైన కయోలిన్ కొలిమిలోంచి బయటికొచ్చేసరికి 86 గ్రాములే ఉంటుంది. పోయిన 14 గ్రాములూ నీరే. తూకం అంతకంటే తక్కువ తగ్గితే, సరిగా కాలలేదనో మట్టిలో ఇసుక ఉందనో అర్థం. ఆ మెత్తటి పొడిని కాస్టిక్ సోడా నీళ్లలో కలిపితే పాలలా తెల్లటి ద్రవం వస్తుంది. పాత్ర అల్యూమినియంది కాకూడదు. కాస్టిక్ దాన్ని తినేసి హైడ్రోజన్ వాయువు వదులుతుంది. స్టీలుదో, గట్టి ప్లాస్టిక్‌దో ఉండాలి, కళ్లకు అద్దాలూ చేతులకు తొడుగులూ ఉండాలి. రాత్రంతా నాననిచ్చి, మర్నాడు 90 డిగ్రీల దగ్గర కలుపుతూ కొన్ని గంటలు ఉంచాలి. కంటికి ఏమీ మారినట్టుండదు, ఆ తెలుపు ఆ తెలుపే. కానీ వడగట్టి, కడిగి, ఆరబెట్టిన పొడిని ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద పెడితే చెదిరిన పొరల జాడ ఉండదు. వాటి బదులు మిల్లీమీటరులో వెయ్యో వంతు సైజులో, అంచులు తీరిన ఘనాలు, పటికబెల్లం పలుకుల్లా పోగుపడి కనిపిస్తాయి.

లెక్క కూడా సరదాగా ఉంటుంది. 86 గ్రాముల మెటాకయోలిన్ కనీసం 31 గ్రాముల కాస్టిక్‌ను తనలో కలుపుకుని, నీళ్లతో కలిసి 141 గ్రాముల జియోలైట్-ఎ అవుతుంది. వేసింది 100, వచ్చింది 141. అందులో 22 శాతం గదుల్లో చేరిన నీరే.

ఊకదంపుడు కాదు

పనికిరాని మాటలను ఊకదంపుడు అంటాం. ఊక దంచితే ఏమొస్తుందని మన పెద్దల ఉద్దేశం. కాలిస్తే మాత్రం సిలికా వస్తుంది. వరి వేళ్లు నేలలో కరిగిన సిలికాను ప్రత్యేకంగా పీల్చుకుంటాయి. ఆ పని చేసే జన్యువును 2006లో జపాన్ శాస్త్రవేత్తలు గుర్తించారు. పీల్చిన సిలికా ఆకు అంచుల్లోనూ గింజ పైపొట్టులోనూ పేరుకుంటుంది. వరి ఆకు చేతిని కోసేదీ, ఊక గరగరలాడేదీ అందుకే. ఊక బూడిదతో పళ్లు తోముకున్న తరం వాడింది కూడా ఆ గరుకునే.

టన్ను ధాన్యం ఆడిస్తే సుమారు 200 కిలోల ఊక, దాన్ని కాలిస్తే సుమారు 40 కిలోల బూడిద మిగులుతుంది. ఆ బూడిదలో 85 నుంచి 95 శాతం సిలికాయే. ఇక్కడా ప్రకృతి సగం పని ముగించింది. ఇసుకను కరిగించాలంటే 1,000 డిగ్రీలు దాటిన కొలిమి కావాలి. ఊక సిలికా ఇంకా స్ఫటికం కట్టనిది, కాబట్టి కాస్టిక్ నీళ్లలో మామూలు వేడికే కరిగి సోడియం సిలికేట్ అవుతుంది.

షరతు ఒక్కటే, కాల్చడంలో నిదానం. 600 డిగ్రీల చుట్టుపక్కల, గాలి బాగా తగిలేలా కాలిస్తే తెల్లటి బూడిద వస్తుంది. మిల్లు బాయిలర్‌లో ఆ నిదానం ఉండదు. వేడి 800 డిగ్రీలు దాటితే సిలికా క్రిస్టోబలైట్ అనే స్ఫటికంగా గట్టిపడిపోతుంది. పైగా ఊకలోని పొటాషియం ఆ వేడికి సిలికా పైపొరను కరిగించి, లోపలి బొగ్గును మూతపెట్టినట్టు బంధిస్తుంది. ఎంత కాల్చినా బూడిద నల్లగానే మిగిలేది అందుకే. ఊకను ముందుగా పలచని ఆమ్లంతో కడిగితే పొటాషియం పోయి ఈ తలనొప్పి తీరుతుంది, కానీ ఆమ్లానికీ కడిగే నీళ్లకూ ఖర్చు మొదలవుతుంది.

ఊక బూడిదలో అల్యూమినియం లేదనే చెప్పాలి. అందుకే అది ఒంటరిగా కంటే మట్టికి జోడుగా బాగా పనికొస్తుంది. మెటాకయోలిన్‌లో సిలికాన్, అల్యూమినియం సమానం. దానికి ఊక సిలికా చేర్చుతూ పోతే సిలికాన్ వాటా పెరిగి, ఇంకా పెద్ద గుమ్మాలుండే జియోలైట్-ఎక్స్, పెట్రోలియం శుద్ధిలో వాడే జియోలైట్-వై జాతులకు దారి తెరుచుకుంటుంది.

బొగ్గు మిగిల్చిన బూడిద

ఇబ్రహీంపట్నం, రామగుండం లాంటి థర్మల్ కేంద్రాల చుట్టూ బతికేవాళ్లకు బూడిద చెరువుల గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు. మన బొగ్గులో మూడో వంతు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ, బూడిదే. ఆ బూడిదలో ఎక్కువ భాగం సిలికా, అల్యూమినా. అంటే జియోలైట్ సరుకులు రెండూ ఒకేచోట, ఇప్పటికే మెత్తటి పొడిగా ఉన్నాయి. 1985లో జర్మన్ శాస్త్రవేత్తలు హోలర్, విర్షింగ్ ఈ బూడిదను క్షార ద్రావణంలో ఉడికించి జియోలైట్ తీయవచ్చని చూపాక ప్రపంచమంతటా వందల ప్రయోగాలు జరిగాయి.

చిక్కు ఏమిటంటే, ఈ వంటను బాయిలర్ సగం చేసి సగం చెడగొట్టింది. బూడిదలో గాజు పూసల్లాంటి భాగం కాస్టిక్‌లో కరుగుతుంది. కానీ కొలిమి వేడికి అల్యూమినియంలో చాలాభాగం ముల్లైట్‌గా, సిలికాలో కొంత స్ఫటిక ఇసుకగా బిగుసుకుపోయాయి. కయోలిన్ విషయంలో ఏ గీత దాటొద్దనుకున్నామో, ఈ బూడిద దాన్ని దాటే మన దగ్గరికొచ్చింది. మామూలుగా ఉడికిస్తే వచ్చేది సగం జియోలైట్, సగం కరగని మొండి బూడిద. 1993లో జపాన్ పరిశోధకులు దీనికి ఒక విరుగుడు చూపారు. బూడిదను ఘన కాస్టిక్‌తో కలిపి 550 డిగ్రీల దగ్గర ముందుగా కాల్చితే ఆ మొండి ఖనిజాలు కూడా విడిపోయి, నీళ్లలో కరిగే రూపానికి వస్తాయి. దిగుబడి బాగుంటుంది, కాస్టిక్ ఖర్చు పెరుగుతుంది. బొగ్గుతో వచ్చిన ఇనుము రంగు తెస్తుంది, ఆర్సెనిక్ లాంటి మూలకాలు జాడగానైనా వెంట ఉంటాయి. కాబట్టి ఈ జియోలైట్‌ను సబ్బుపొడికో, తాగే నీళ్లకో కాక, ఫ్యాక్టరీ మురుగులోని సీసం, రాగి లాంటి లోహాలను పట్టడానికి వాడటం తెలివైన పని.

సంచిలో కట్టిన కరెంటు

ఇంతవరకు వచ్చాక లెక్కల పుస్తకం తెరవాలి. మట్టి, ఊక, బూడిద మూడూ చౌకే. మూడింటి కథల్లోనూ మళ్లీ మళ్లీ వచ్చిన పేరు కాస్టిక్ సోడా. అది ఉప్పునీళ్లలోంచి కరెంటు పంపి తయారుచేసేది. టన్ను కాస్టిక్‌కు రెండు వేల యూనిట్ల పైనే విద్యుత్ కావాలి. అంటే కాస్టిక్ సంచి కొన్నామంటే సంచిలో కట్టిన కరెంటు కొన్నట్టే.

100 కిలోల కయోలిన్‌కు కనీసం 31 కిలోల కాస్టిక్ చాలన్నది కాగితం మీది లెక్క. నిజానికి స్ఫటికం చక్కగా కట్టాలంటే దానికి ఎన్నో రెట్లు ద్రావణంలో ఉండాలి. వడగట్టాక ఆ మిగులంతా నీళ్లలోనే ఉంటుంది. దాన్ని కాలవలోకి వదిలితే డబ్బూ పోయింది, ఊరి నీళ్లూ పోయాయి. దాన్ని పట్టి, తగ్గిన మేరకు మాత్రం కాస్టిక్ కలిపి తర్వాతి విడతకు వాడుకుంటే తప్ప ఏ చౌక మట్టీ చౌక జియోలైట్ కాదు. తర్వాత కడగడం. పొడికి అంటిన క్షారం పోయేదాకా నీళ్లు మీద నీళ్లు పోయాలి. మొదటి కడుగు నీళ్లను ద్రావణంలోకి, ఆఖరి కడుగు నీళ్లను తర్వాతి విడత మొదటి కడుగుకు తిప్పుకునే ఇల్లాలి పొదుపు ఇక్కడ ఫ్యాక్టరీని నిలబెడుతుంది. బియ్యం కడిగిన కుడితి పారబోయని ఇంటి పద్ధతి ఇది.

ముడిమట్టిలోని ఇసుకకూ ఇనుముకూ ధర ఉంది. కాస్టిక్‌లో కరగని ఇసుక రేణువు చివరిదాకా జియోలైట్‌లోనే మిగిలి, పనిచేయకుండా తూకం పెంచుతుంది. 20 శాతం ఇసుక ఉన్న మట్టితో చేసిన జియోలైట్ శుద్ధమైనదానికి సాటి రాదు. కాబట్టి మట్టిని ముందే నీళ్లలో కలిపి, ఇసుకను అడుగుకు దిగనిచ్చి, పైన తేలే సన్న మట్టిని వేరుచేయడం తప్పనిసరి. బంకమట్టిని నానబెట్టి తేర్చడం కుమ్మరికి ఎప్పటి నుంచో తెలిసిన విద్యే.

ఏ రాయి ఏ పనికి

2021 మేలో కోవిడ్ రెండో అల ముదిరినప్పుడు ఎయిర్ ఇండియా విమానాలు రోమ్ నుంచి బెంగళూరుకు జియోలైట్ మోసుకొచ్చాయి. డీఆర్‌డీఓ సాంకేతికతతో ఆస్పత్రుల్లో పెడుతున్న ఆక్సిజన్ ప్లాంట్ల కోసం అది. గాలిని ఒత్తిడితో జియోలైట్ గుండా పంపితే నైట్రోజన్ గదుల్లో చిక్కుకుంటుంది, 93 శాతం దాకా ఆక్సిజన్ బయటికొస్తుంది. ఒత్తిడి తగ్గిస్తే పట్టిన నైట్రోజన్‌ను వదిలేసి రాయి మళ్లీ సిద్ధమవుతుంది. కయోలిన్ గనులున్న దేశం జియోలైట్‌ను విమానంలో తెప్పించుకోవాల్సి వచ్చిందేమని అడగడం న్యాయమే. జవాబు మట్టిలో లేదు. ఆ పనికి కావాల్సింది మలినం లేని స్ఫటికం, ఒత్తిడి పెరుగుతూ తగ్గుతూ ఉన్నా పొడి రాలని గుళికలు, ఏ విడతకా విడత మారని నాణ్యత. కొరవడింది మట్టి కాదు, మట్టి తర్వాతి పనితనం.

జియోలైట్ చేయలేని పనులూ ఉన్నాయి. నల్గొండ నీళ్లలోని ఫ్లోరైడ్‌ను ఇది పట్టలేదు. ఈ సత్రం గోడలది ఋణావేశం, ఫ్లోరైడ్‌దీ ఋణావేశమే. ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. ఆ పనికి పటిక, సున్నం వాడే నల్గొండ పద్ధతి వేరే రసాయనం.

ఇక మొదట్లో వదిలిన చెరువు గట్టుకు వద్దాం. నీళ్లలో అమోనియా నుంచి ఏర్పడే అమోనియం అయాన్‌ను జియోలైట్ పడుతుంది, మంచినీళ్లలో బాగానే పడుతుంది. కానీ రొయ్యల చెరువు నీళ్లు ఉప్పన. రైతుల లెక్కలో సెలినిటీ, అంటే ఉప్పదనం, 10 ఉన్న చెరువును తీసుకుంటే, లీటరు నీళ్లలో సోడియం సుమారు మూడు గ్రాములు. అమోనియా నైట్రోజన్ లీటరుకు ఒక మిల్లీగ్రాము ఉంటేనే రైతు గుండె గుభేలుమంటుంది. అయాన్లుగా లెక్కేస్తే ఒక్కొక్క అమోనియానికి సుమారు 1,900 సోడియంలు పోటీ. జియోలైట్‌కు అమోనియం మీద ఎంత మక్కువ ఉన్నా సత్రం వాకిట్లో అంత తొక్కిసలాటను గెలవలేదు. ఇంకో సంగతి, నీళ్లను మెత్తబరిచే యంత్రాల్లో నిండిపోయిన జియోలైట్‌ను మళ్లీ ఖాళీ చేయడానికి పోసేది ఉప్పునీళ్లే. అంటే దేనితో కడిగి జియోలైట్‌ను ఖాళీ చేస్తామో, ఆ నీళ్లలోనే దాన్ని చల్లి నింపమంటున్నాం. అదే పొడిని మంచినీటి చేపల తొట్టిలోనో, చేపపిల్లలను ట్యాంకర్లలో తరలించే నీళ్లలోనో వాడితే దాని సత్తా కనిపిస్తుంది.

రవ్వ జల్లెడ కొనే ఇల్లాలు దాన్ని వెలుతురుకెత్తి కన్నాలు చూసుకుని మరీ బేరమాడుతుంది. ఈ జల్లెడ కన్నాలు ఎంత ఎత్తినా కంటికి ఆనవు. కాబట్టి అడిగి తెలుసుకోవాలి. ఇది ఏ జాతి, దీన్ని ఏ మట్టితో వండారు, గ్రాముకు ఎంత పడుతుంది, ఆ లెక్క మంచినీళ్లలో తేల్చారా, మా చెరువు నీళ్లలోనా? బస్తా మీద వీటికి జవాబులు అచ్చయిన రోజున గట్టు మీది రైతుకు బొక్కలున్నాయన్న సంగతితో పాటు వాటి కొలతా తెలుస్తుంది.